లంక డబ్బా

వనస్పతిలో కొంచెం నువ్వులనూనె కలిపి తీరాలని అప్పట్లో ప్రభుత్వం వారి రూలు ఒకటి ఉండేది. అది రుచి కోసం కాదు, ఆరోగ్యం కోసమూ కాదు. నెయ్యిలో వనస్పతి కలిపి అమ్మేవాణ్ణి పట్టుకోవడానికి. అనుమానం వచ్చిన నెయ్యిలో కాస్త యాసిడ్డూ పంచదారా వేసి కుదిపితే, అందులో నువ్వులనూనె ఉన్నట్టయితే ఎర్రగా తిరుగుతుంది. నువ్వులనూనె ఉందంటే వనస్పతి కలిసినట్టు, వనస్పతి కలిసిందంటే అమ్మినవాడు దొంగ. ఈ సంగతి మా మరిది చెప్పిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఆ రూలు రాసిన మనిషెవరో అచ్చం నాలాంటి మనిషే అయ్యుండాలి. ఎవరినీ నమ్మకుండా బతుకుతున్నది నేనొక్కదాన్నే కాదని మొదటిసారి తెలిసింది.

మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, ఇబ్రహీంపట్నం దారిలో ఉన్న ఒక వనస్పతి ఫ్యాక్టరీలో ఫిట్టరు. నూనెకి గ్యాసు పట్టించి గడ్డకట్టించే చోట ఉండే పైపులూ వాల్వులే అతని లోకం. పెళ్ళి కాలేదు. ఫ్యాక్టరీ దగ్గరే గది తీసుకుని ఉండేవాడు, సెలవు రోజున మా ఇంటికి వచ్చేవాడు. మా ఇల్లు బెజవాడ వన్ టౌన్‌లో, మా ఆయన మిఠాయి కొట్టుకి పైనే. కింద బూందీ దూస్తుంటే పైన ఆరేసిన చీరలన్నీ ఆ వాసనే వేసేవి. మరిది వచ్చేటప్పుడు ఫ్యాక్టరీ ల్యాబులో అడిగి చిన్న సీసాలో యాసిడ్డు తెచ్చేవాడు. అతను చెప్పులు విప్పేలోపే నేను నెయ్యి గిన్నెలు వరసగా పెట్టేసేదాన్ని. కొన్నాళ్ళకి మా వీధికి నెయ్యి తెచ్చేవాళ్ళు నన్ను చూసి పక్క సందులోంచి పోవడం మొదలుపెట్టారు. నా పుణ్యాన ఇంట్లో ముద్దపప్పులోకి నెయ్యి కరువైందని మా ఆయన విసుక్కునేవారు.

మా అత్తయ్యది లంక ఊరు. కృష్ణలో నీళ్ళ మధ్య మేట వేసిన నేలని మావైపు లంక అంటాం. వరద వచ్చి పోయినప్పుడల్లా కొత్త ఒండ్రు పడుతుంది కాబట్టి అక్కడ ఏది వేసినా పండుతుంది. బెజవాడలో కూరగాయలమ్మేవాళ్ళు లంక వంకాయలని ఒక్క కేక వేస్తే చాలు, ఎక్కడివో అడక్కుండా జనం సంచులు చాపుతారు. నేను మాత్రం అడిగేదాన్ని. అత్తయ్యకి నా అడగడం నచ్చేది కాదు. ఆవిడ లెక్కలో లంక నుంచి వచ్చిన వస్తువుకి వంక పెట్టడమంటే ఆవిడ పుట్టింటికి వంక పెట్టడమే. పైగా ఆవిడ అన్నదమ్ములు లంకలో నువ్వులు వేసేవాళ్ళు. ఆ నువ్వుల్లో కొంత, రూలు ప్రకారం కలపవలసిన నూనె కోసం, మరిది పనిచేసే ఫ్యాక్టరీకే వెళ్ళేది. కొడుకు ఉద్యోగం అక్కడ, పుట్టింటి నువ్వులు అక్కడ. ఆ ఫ్యాక్టరీ సగం తనదేనన్నట్టు మాట్లాడేది ఆవిడ. కొట్టుకి వనస్పతి ఆ ఫ్యాక్టరీది తప్ప వేరేది రానిచ్చేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన తరవాత సంగతి ఇది. మేము సరుకు కొనే షావుకారు గోడౌన్ మా ఇంటికి రెండు వీధుల అవతల. ఒకరోజు మా ఆయన అక్కడి నుంచి కొత్త రకం వనస్పతి డబ్బాలు రిక్షాలో వేయించుకొచ్చారు. ఇవేమిటని అత్తయ్య అడిగితే, లంక డబ్బాలట, చవగ్గా ఉన్నాయి అన్నారు. గోడౌన్‌లో మూటలు మోసేవాళ్ళ దగ్గర్నుంచి గుమాస్తా దాకా అందరూ వాటిని లంక డబ్బాలనే అంటున్నారట.

అత్తయ్య మొహం మతాబులా వెలిగింది. మరిది వాళ్ళ ఫ్యాక్టరీవాళ్ళు లంక నువ్వులనూనె వేసి కొత్త డబ్బా తీశారనీ, ఇన్నాళ్ళకి ఆ నువ్వుల విలువ తెలుసుకుని పేరు కూడా అదే పెట్టారనీ అక్కడికక్కడే తేల్చేసింది.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. మంచి నూనె వేసి, కొత్త పేరు పెట్టి, ధర తగ్గించే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? డబ్బా తిప్పి చూశాను. కింద ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుని చదివితే శ్రీలంక అని ఉంది.

"అత్తయ్యా, ఇది ఆ దేశం నుంచి వచ్చింది. మన లంక కాదు" అన్నాను.

"శ్రీ అని ముందు గౌరవంగా పెట్టుకున్నారే అమ్మాయ్. నువ్వు శ్రీకారంలో కూడా తప్పులు పడతావేమిటి?" అంది అత్తయ్య.

నవ్వకండి. మా వీధిలో శ్రీ లేని బోర్డు ఒక్కటీ లేదు. బియ్యం కొట్టుకి శ్రీ ఉంది, సైకిల్ షాపుకి శ్రీ ఉంది, మా మిఠాయి కొట్టుకీ ఉంది. లంకకి ఒక శ్రీ తగిలిస్తే వింతేముంది? ఆ దేశం నుంచి క్రికెట్టు వార్తలూ యుద్ధం వార్తలూ రావడం మాకు తెలుసుగానీ వంటసామాను రావడం అప్పటిదాకా ఎరగం. మా ఆయన ఇద్దరి మధ్యా తల దూర్చకుండా, సరుకు బాగుంది, ధర బాగుంది, ఇంకేం కావాలని కిందకి వెళ్ళిపోయారు.

నేను ఊరుకోలేదు. షావుకారునే అడిగాను. ఆయన నీళ్ళు నమిలాడు. ఏ లంకైతే మనకేమిటమ్మా, పాకం పట్టాక మైసూర్‌పాక్ గుల్లగా వస్తోందా లేదా చూసుకోవాలి గానీ అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఈ పొరపాటు మా ఇంట్లోనే కాదు, ఇంకా చాలామంది ఇళ్ళల్లో జరుగుతోందనీ, దాన్ని ఆయన సరిదిద్దే ఉద్దేశంలో లేడనీ అర్థమైంది. ఆయన ఏదో దాస్తున్నాడు. ఏమిటో మాత్రం నాకు అంతుపట్టలేదు. కల్తీ అనుకున్నాను. నాకు అప్పటికి తెలిసిన మోసం అదొక్కటే.

ఈలోగా అత్తయ్య ఊరుకుంటేనా! వన్ టౌన్‌లో మిఠాయిలు చేసేవాళ్ళందరికీ చెప్పుకొచ్చింది. మావాడి ఫ్యాక్టరీ సరుకు, మా లంక నువ్వుల నూనె, వాడి చూడండని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పింది. ఆవిడ మాట మీదో, ధర చూసో, అందరూ వాడారు. గవర్నర్‌పేటలో పేరున్న స్వీటు షాపువాళ్ళు కూడా తెప్పించుకున్నారని విని మురిసిపోయింది. ఇదంతా కొడుకుకి తెలియదు. అతను వచ్చినరోజు తినడం, పడుకోవడం, నా నెయ్యి పరీక్షలు చేసిపెట్టడం తప్ప కిందకి వెళ్ళేవాడు కాదు.

ఆ రోజుల్లో అతను మామూలు కన్నా ఎక్కువగా ఇంటికి రావడం మొదలైంది. అడిగితే మెయింటెనెన్స్ అనేవాడు. నాకు అదీ నచ్చలేదు. తాగుడు అలవాటైందేమో, ఎవరితోనైనా గొడవపడి పని మానేశాడేమో అని రకరకాలుగా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం అతను భోంచేసి కూర్చుంటే అత్తయ్య చెయ్యిపట్టుకుని కిందకి లాక్కెళ్ళింది. మీ కొత్త డబ్బా ఎంత బాగా పోతోందో చూడరా, అందరిచేతా నేనే కొనిపించాను అని చూపించింది. నేను వెనకే వెళ్ళాను.

అతను డబ్బాని చూశాడు. తల్లిని చూశాడు. కింద ఉన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

"అమ్మా, ఇది మాది కాదు. ఇది వచ్చాకే మా బాయిలరు చల్లారింది" అన్నాడు.

తరవాత మెల్లగా విషయం చెప్పాడు. వనస్పతికి అసలు సరుకు పామాయిల్. అది మలేషియా వైపు నుంచి రావాలి. తిన్నగా మన రేవుకి వస్తే బోలెడు సుంకం. అదే నూనె శ్రీలంకలో దిగితే అక్కడ సుంకం లేదు. అక్కడ దాన్ని గడ్డకట్టించి డబ్బాల్లో పోస్తే అది శ్రీలంక సరుకైపోతుంది. మన దేశానికీ వాళ్ళకీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అయింది కాబట్టి ఆ డబ్బా సుంకం లేకుండా మన దేశంలోకి వస్తుంది. ఇక్కడ సుంకం కట్టి నూనె తెచ్చుకుని చేసేవాడు దాని ధరకి అమ్మలేడు. మెయింటెనెన్సూ లేదు, ఏమీ లేదు. నెలలో సగం రోజులు ఫ్యాక్టరీ మూసే ఉంటోంది. తల్లి బెంగపెట్టుకుంటుందని చెప్పలేదట.

నాకు మొత్తం అర్థమవడానికి క్షణం పట్టలేదు. పక్క కొట్టువాడు దూసిన బూందీ తెచ్చి, పాకంలో వేసి ఉండలు చుట్టి, మా లడ్డూ అని అమ్మడం లాంటిదే ఇదీ. మిఠాయి వీధిలో అలాంటివాళ్ళని మేం మొహం చూసి చెప్పేస్తాం. దేశాలు చేస్తే మాత్రం దానికి ఒప్పందం అని పేరు. చిన్న దేశం, వాళ్ళూ బతకాలి కదా అని పేపర్లో ఎవరో రాశారని మా ఆయన అన్నారు. బతకాలి, కాదనను. కానీ నూనె ఒకరిది, పెట్టుబడి ఒకరిది, తినేది మనం. మధ్యలో ఆ దేశపు మనిషికి ఏం మిగులుతోంది అని అడిగాను.

 అత్తయ్య మర్నాడు మళ్ళీ అవే గుమ్మాలు ఎక్కింది. ఆ డబ్బా కొనకండర్రా, మావాడి పొట్ట కొడుతోంది అని చెప్పింది. వాళ్ళు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు, పాపం అన్నారు. కొనడం మాత్రం మానలేదు. మా కొట్లో మానేశాం. మళ్ళీ మరిది ఫ్యాక్టరీ డబ్బాలే తెచ్చి, ధర కాస్త పెంచాం. పండగ గిరాకీ వచ్చేసరికి మా గిరాకీ అంతా ఎదురు కొట్లో నిలబడి ఉంది. కొన్నాళ్ళకి వంటశాల మూల గోనెసంచి కప్పిన డబ్బాలు నా కంటపడ్డాయి. సంచి ఎత్తి చూశాను, లంక డబ్బాలే. మా ఆయన తల వంచుకున్నారు.

"వాడి ఉద్యోగం నేనొక్కణ్ణే నిలబెట్టగలనా?" అన్నారు.

నేను సంచి మళ్ళీ కప్పేశాను. అత్తయ్యకి తెలియకపోలేదు. ఆవిడ మా కొట్టు మిఠాయి నోట పెట్టడం మానేసింది, అంతే.

ఆ తరవాత ఫ్యాక్టరీ ఓనరు పనివాళ్ళనీ వాళ్ళ ఇంటివాళ్ళనీ పిలిచి మీటింగు పెట్టారు. అత్తయ్యతో నేనూ వెళ్ళాను. ఫ్యాక్టరీ ఆవరణలో, బాయిలరు బూడిద తేలుతున్న ఎండలో షామియానా వేశారు. ఆయన చాలా బాగా మాట్లాడారు. పరాయి సరుకు మన నోటి దగ్గర కూడు లాక్కుంటోందన్నారు, ఢిల్లీకి అర్జీ పెడదాం, అందరూ సంతకాలు చెయ్యండన్నారు. మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అత్తయ్య అయితే వెక్కి వెక్కి ఏడ్చింది.

నాకు ఏడుపు రాలేదు. ఆయన చెబుతున్నవి ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. శ్రీలంకలో రేవు నుంచి ఫ్యాక్టరీ ఎంత దగ్గరో చెప్పారు, కరెంటు ఎంత చవకో చెప్పారు, షెడ్డు వేయడానికి స్థలం ఎంత తేలిగ్గా ఇస్తున్నారో చెప్పారు. పొట్టకొట్టేవాడి ఇంటి గురించి ఇంత వివరంగా ఎవరికి తెలుస్తుంది, లోపలికి వెళ్ళి కూర్చుని కాఫీ తాగి వచ్చినవాడికి తప్ప? పక్కనున్న మరిది చెవిలో ఆ మాటే అన్నాను.

"ఊరుకో వదినా. ఓనరుగారు దేవుడు" అన్నాడు.

సంతకాలు అయ్యాయి. వచ్చిన ఆడవాళ్ళందరికీ పులిహోర పొట్లాలు ఇచ్చారు. ఆ వేసవిలోనే ఫ్యాక్టరీ మూసేశారు.

అందరినీ పంపించేసినా మరిదిని మాత్రం కొన్నాళ్ళు ఉండమన్నారు. యంత్రాలు పాత ఇనపసామాను కింద అమ్మేస్తున్నారట, విప్పే పని ఉందట. రోజుకూలి ఇస్తామన్నారు. అతను గది ఖాళీ చేసి మా ఇంట్లోనే ఉంటూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చేసరికి చేతులకీ చొక్కాకీ తెల్ల రంగు మరకలు. విప్పే పనికి రెంచీ పానా కావాలి గానీ రంగు డబ్బా ఎందుకు? రెండు మూడు రోజులు ఊరుకున్నాను. తరవాత కిరోసిన్ గుడ్డ ఇచ్చి, చేతులు తుడుచుకుంటుంటే అడిగాను. పైపుల మీద నంబర్లు వేస్తున్నానన్నాడు.

"ఇనపసామానుకి తూకం వేస్తారు గానీ నంబర్లు వేస్తారా?" అన్నాను.

అతను గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టాడు. తల్లి వినేలా ఉందా అని లోపలికి చూశాడు. మొదటి రోజే తెలిసిందన్నాడు. విప్పినవి విప్పినట్టు పెట్టెల్లో సర్దుతున్నారట. మద్రాసు దాకా లారీల్లో, అక్కడి నుంచి ఓడలో శ్రీలంకకి. దేవుడుగారు తనే వెళుతున్నారన్నమాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సంతకాలు పెట్టించుకున్న చేత్తోనే మూటాముల్లే సర్దుకుంటుంటే, ఆ సర్దేదేదో నువ్వు సర్ది పెడుతున్నావా అని కడిగేశాను. అతను నా కోపం తగ్గేదాకా ఆగి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"నంబర్లు నా లెక్కలో వేస్తున్నా వదినా. చూస్తే వరసగానే ఉంటాయి. ఆ వరసలో బిగిస్తే ఒక్కటీ కుదరదు. బిగించాలంటే నన్ను తీసుకెళ్ళాల్సిందే."

నా జన్మలో ఎవరి తెలివికీ అంతగా మురిసిపోలేదు. అనుమానించడం నాకు తెలుసు గానీ అనుమానంతో ఇంత పని చేయవచ్చని నాకెప్పుడూ తట్టలేదు. ఆ క్షణంలో అతను నాకు స్వంత తమ్ముడిలా అనిపించాడు. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. మరిది పాస్‌పోర్టుకి అప్లై చేశాడు. గల్ఫ్‌కి ప్రయత్నిస్తున్నాడని అత్తయ్యకి చెప్పాం. లారీలు వెళ్ళిపోయాయి. పాస్‌పోర్టు వచ్చింది. దాన్ని నా బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను.

వర్షాకాలం గడిచింది. అతను ఎక్కడా వేరే పనికి కుదురుకోలేదు. కుదిరితే, పిలిచినప్పుడు వదిలి వెళ్ళడం బాగోదని. కొట్లో ఫోను మోగితే చాలు, మెట్ల మీద నుంచి తొంగి చూసేవాడు. ఆర్డర్లిచ్చే వాళ్ళ ఫోన్లే అన్నీ. కొన్నాళ్ళకి అత్తయ్య కూడా ఏదో పసిగట్టి, ఫోను మోగినప్పుడల్లా దండం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

పిలుపు ఒక మిట్టమధ్యాహ్నం వచ్చింది. కొట్టు నిండా జనం. ఫోను మా ఆయన తీసి, తమ్ముణ్ణి పిలిచారు. నేను చేతిలో పని వదిలేసి వచ్చి పక్కన నిలబడ్డాను. మొదట అతని మొహం విప్పారింది. తరవాత వింటూ వింటూ ఉండిపోయాడు. అవతలివాళ్ళు రమ్మనడానికి చెయ్యలేదు. నంబర్లు కుదరట్లేదు, ఏది దేని తరవాతో ఫోనులో చెప్పమంటున్నారు.

చెప్పొద్దని చెయ్యి ఊపాను. పెట్టెయ్యమని సైగ చేశాను. అతను నన్ను చూస్తూనే ఉన్నాడు. రిసీవరు చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు. తరవాత గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి పైపు దగ్గర్నుంచి చివరి వాల్వు దాకా చెప్పాడు. మధ్యలో అవతలివాళ్ళు ఏదో తప్పుగా రాసుకుంటే ఆపి, దిద్ది, మళ్ళీ చెప్పాడు. కొనడానికి వచ్చినవాళ్ళు వచ్చి పోతున్నారు. నేను తూకం కూడా వెయ్యలేకపోయాను. నెలల తరబడి అతను కూర్చుని కాపాడుకున్న ఉద్యోగం నా కళ్ళ ముందే గోడకి చెప్పి పారేస్తున్నాడు.

ఫోను పెట్టాక మెట్ల మీదే పట్టుకున్నాను. వాళ్ళు బెదిరించారా, డబ్బిస్తామన్నారా, ఓనరు ఏడ్చాడా అని అడిగాను. అవేవీ కాదన్నాడు.

"మాట్లాడింది మన తెలుగాయనే వదినా. వెనకాల ఇంకొకణ్ణి తిడుతున్నారు. భాష తెలియదు గానీ తిట్లని తెలుస్తుంది కదా. వాడు అక్కడి ఫిట్టరని ఆయనే చెప్పారు. పైపులు కుదరకపోతే రేపట్నుంచి రావద్దంటున్నారట."

 ఆ ఎరగని మనిషి మీద నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అందులోనూ ఏదో మోసం ఉండి ఉంటుందనీ, కావాలనే వినపడేలా తిట్టి ఉంటారనీ అందామనుకున్నాను. మరిది మొహం చూసి అనలేకపోయాను. అతను చొక్కా మార్చుకుని, ఆటోనగర్‌లో ఏ వర్క్‌షాపులోనైనా పని ఉందేమో కనుక్కొస్తానని చెప్పి బయటికి వెళ్ళాడు.